పెరటి బావి చామంతులు

ఎమ్మిగనూరు,
నవంబరు 20, 1978.

చి. సుశీలకు అత్త భాగీరథి ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. నీవూ బాగానే ఉన్నావనుకుంటాను. బాగా లేకపోతే తప్ప నీకు అత్తకు ఉత్తరం రాయాలని తోచదు కదా. దీపావళికి వస్తానన్నావు, రాలేదు. పరీక్షలన్నావు. ఆ కాలేజీలో పరీక్షలు పిల్లలకా, మీకా అన్నది నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఈ కవరులో ఒక ఆకు పెట్టాను. మన పెరటి చామంతి ఆకు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగమంతా పాలిపోయి పసుపు పూసినట్టుంది. ఈపాటికి మోకాలెత్తు లేవాల్సిన మొక్కలు జానెడు దగ్గరే ఆగిపోయాయి. మొగ్గలు వేసినవి విచ్చుకోవడానికి మొహమాటపడుతున్నాయి. విచ్చుకున్నది చొక్కా గుండీ అంత ఉంది. పేడ ఎరువు వేశాను, వేపపిండి వేశాను, బూడిద చల్లాను. దేనికీ పలకడం లేదు. నీవు చెట్ల చదువు చదివావు కదా, ఆ చదువు మన పెరటికి పనికొస్తుందేమో చూద్దాం.

మీ మామయ్య పోయినప్పటి నుంచీ నాకు పూలు పెట్టుకునే రాత లేదు. కానీ గురువారం మఠానికి తట్టెడు పూలు ఈ ఇంటి నుంచే పోతాయి. శుక్రవారం వీధిలో ఆడవాళ్ళు వస్తారు. శాంతమ్మ వస్తుంది, పక్క సందు సుంకమ్మ వస్తుంది. నేను మడిలో ఉంటానని కొంచెం ఎడంగానే కూర్చుంటారు గానీ, కూర్చుంటారు. వాళ్ళ కోడళ్ళ సంగతులు, నూలు ధర, ఎవరి మగ్గం ఆగింది, అన్నీ ఆ అరుగు మీదే నాకు తెలుస్తాయి. ఈసారి పూలు లేవు. పోయిన వారం ఎవరూ రాలేదు. మన ఇల్లు ఇంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

గోడ అవతల నూలుకు రంగులద్దే షెడ్డు ఎల్లప్ప పెళ్ళాం దేవక్క మాత్రం రోజూ పలకరిస్తుంది. పొద్దున నేను బావిలో నీళ్ళు చేదే వేళకు ఆమె అటువైపు నూలు పిండుతూ ఉంటుంది. "అమ్మా, లేసినావా?" అని అడుగుతుంది. లేవకుండా బావి దగ్గరికి ఎలా వస్తాను చెప్పు. అయినా ఆమె రోజూ అడుగుతుంది, నేను రోజూ లేచానంటాను.

ఆకు చూసి వెంటనే రాయి.

మీ అత్త


ఆదోని,
నవంబరు 27, 1978.

అత్తకు నమస్కారాలు.

ఆకు చేరింది. కాలేజీకి తీసుకుపోయి అందరికీ చూపించాను. మా హెడ్డు భీమసేనరావు గారు దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "ఇనుము తక్కువైనట్టుంది" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. నీ చేతి కింద పెరిగిన మొక్కకు తక్కువ అనేది ఉండదు. నన్ను ఎస్సెల్సీ దాకా నీ దగ్గర పెట్టుకుని పెంచావు, నీవు తినిపించే తీరు నాకు తెలియనిది కాదు. ఎక్కువైందేమో చూడాలి.

నాకు ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి పంపు. మట్టి దులపవద్దు. మొక్కలకు పోసే నీళ్ళు ఒక సీసాలో పట్టి పంపు. పత్తి బండ్లతో నాగన్న ఈ ఊరి మార్కెట్టుకు వస్తూనే ఉంటాడు కదా, అతని చేత పంపితే నా గదికి తెచ్చిస్తాడు.

నా గది సంగతి అడగలేదు గానీ చెబుతాను. కింద దూది మిల్లు. సీజను మొదలైంది, మిషను చప్పుడుకు గోడలు కూడా వణుకుతాయి. కిటికీ తెరిస్తే అన్నంలో దూది పడుతుంది. మూసుకుని తింటాను. చప్పుడు ఆగిన ఆదివారం మాత్రం ఏం చేయాలో తోచదు. ఇంతకన్నా రాసేదేమీ లేదు.

సుశీల


ఎమ్మిగనూరు,
డిసెంబరు 9, 1978.

చి. సుశీలకు ఆశీస్సులు.

మొక్కను, సీసాను నాగన్నకిచ్చాను. అతను మొక్కను చూసి, "ఇదేందమ్మా, ఆదోనిలో గడ్డి దొరకదా?" అన్నాడు. దాన్ని పరీక్షకు పంపుతున్నానంటే, "పాసయితాదా?" అని అడిగాడు. ఏమో నాయనా అన్నాను.

సీసాలో నీళ్ళు కొంచెం పసుపుగా కనిపిస్తే సీసాదే అనుకునేవు. సీసా బాగా కడిగాను. నీళ్ళే అలా ఉన్నాయి, రెండేళ్ళుగా అలాగే ఉన్నాయి. ఎండలో చూస్తేనే తెలుస్తుంది, రాగి చెంబులో పోస్తే అసలు తెలియదు. నేను రాగి చెంబులోనే తాగుతాను.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వవద్దు. కలం పాళీ పాడైంది.

అత్త


ఆదోని,
జనవరి 12, 1979.

అత్తకు నమస్కారాలు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి, నీళ్ళు మోస్తూ చదవవద్దు.

మా లాబులో ఒక మందు ఉంది. క్రోమియం అనే లోహం కలిసిన నీళ్ళలో దాన్ని చుక్కలుగా వేస్తే నీళ్ళు వంగపండు రంగుకు తిరుగుతాయి. మంచి నీళ్ళయితే రంగు మారవు. నీ సీసాలో నీళ్ళు చుక్క పడగానే తిరిగాయి. భీమసేనరావు గారు నమ్మక మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ తిరిగాయి.

చీరల నల్ల అంచులకు వేసే నూలును అద్దిన తరువాత రంగు నిలవడానికి నారింజ రంగు పలుకులు నీళ్ళలో కలుపుతారు కదా, దేవక్క వాళ్ళ షెడ్డులో నేను చిన్నప్పుడే చూశాను. దానిలో ఉండేది ఈ లోహమే. ఆ తొట్టి నీళ్ళు వాళ్ళ గుంతలోకి పోతాయి, గుంతలోంచి మన బావిలోకి ఊరుతున్నాయి. ఇలాంటి వాటిని భార లోహాలంటారు. కుళ్ళిపోవు, కాలిపోవు, ఎక్కడ చేరితే అక్కడే ఉంటాయి. మొక్కకు అది ఆహారమో విషమో తెలియదు, నీళ్ళతో పాటు పీల్చుకుంటుంది. వేళ్ళు చూశాను. తెల్లగా దారాల్లా పాకాల్సినవి గోధుమ రంగుకు తిరిగి మొద్దుబారి ఉన్నాయి. అలాంటి వేళ్ళతో ఇనుము అందుకోలేదు, అందుకే ఆకు పాలిపోయింది. హెడ్డు గారు కొంత, నేను కొంత నెగ్గాం.

ఒక వింత కూడా చెప్పాలి. వేరును, కాండాన్ని, ఆకును, పువ్వును వేరువేరుగా కాల్చి బూడిదను పరీక్షించాను. లోహం దాదాపు అంతా వేరులోనే ఉంది. కాండంలో కొంచెం, ఆకులో ఇంకా కొంచెం, పువ్వులో లేదనే చెప్పాలి. మొక్క తన వేరులోనే దాన్ని పట్టి ఉంచి పైకి పోనివ్వడం లేదు.

కాబట్టి పూల గురించి భయం లేదు. భయం నీ గురించి. ఆ నీళ్ళు తాగవద్దు, వండవద్దు, ఒంటికి పోసుకోవద్దు. మూత్రపిండాలు పాడవుతాయి. వీధి కొళాయి నీళ్ళు తెచ్చుకో. కొళాయిలో తోలు వాషరు ఉంటుంది, మడికి పనికిరాదు అంటావని తెలుసు. అందుకే ఇనుప సామాన్ల షాపుకు పోయి ఒక వాషరు కొని ఈ కవరులో పెట్టాను. వాసన చూడు, రబ్బరు. తోలు కాలం పోయింది. పైగా కొళాయిలో వచ్చేది తుంగభద్ర నీళ్ళే, మంత్రాలయం పక్కన పారేవే.

ఆదివారం వస్తాను. మన మొక్క పిలకలు, ఒక క్యానుడు బావి నీళ్ళు తెచ్చుకుంటాను. ఇక్కడ రెండు కుండీలు పెట్టి, ఒకదానికి ఈ ఊరి నీళ్ళు, ఒకదానికి మన బావి నీళ్ళు పోసి చూస్తాను.

సుశీల


ఎమ్మిగనూరు,
జనవరి 29, 1979.

చి. సుశీలకు ఆశీస్సులు.

నీవు వచ్చి పోయినప్పటి నుంచి ఇల్లు మళ్ళీ పాత ఇల్లయింది. రెండు పూటలా తిన్నావు, సంతోషం. క్యాను మోసుకుని బస్సెక్కుతుంటే ఆ కండక్టరు నిన్ను కిరసనాయిలు దొంగ అనుకున్నాడు, అది ఇంకా సంతోషం.

ఇక వాషరు సంగతి. వాసన చూశాను. రబ్బరే. మఠానికి తీసుకుపోయి పూజ చేసే వెంకోబారావు గారికి కూడా చూపించాను. ఆయన దాన్ని తాకకుండా వంగి చూసి, "ఈ చివర రబ్బరు ఉండవచ్చునమ్మా, ఆ చివర ఏముందో ఎవరు చూశారు?" అన్నారు. నాకూ అదే అనిపించింది. తుంగమ్మ తల్లి ఏటిలో పారితే తీర్థం. గొట్టంలో దూరి, మునిసిపాలిటీ వాళ్ళు తిప్పితే వచ్చి, కట్టేస్తే ఆగిపోతే దాన్ని నేనేమనాలి? మా అత్తగారు ఈ బావి నీళ్ళే తాగి ఎనభై దాటారు. నీవు చదువుకున్న దానివి, నిన్ను తప్పు పట్టను. నన్నూ పట్టవద్దు.

నీవు చెప్పిన దానిలో ఒక మాట మాత్రం నాకు బాగా నచ్చింది. మొక్క దాన్ని వేరులోనే ఉంచుకుని పువ్వును శుభ్రంగా ఇస్తుందన్నావు. చూశావా పుట్టీ, నోరు లేని మొక్కకు ఉన్న తెలివి. నేనూ అంతే చేస్తాను. నాకేం కాదు.

చిన్నవే అయినా నాలుగు పూలు పూశాయి. గురువారం మఠానికి పంపాను. శాంతమ్మ వచ్చి కాసేపు కూర్చుంది.

అత్త


ఆదోని,
మార్చి 6, 1979.

అత్తకు.

నమస్కారాలు రాయడానికి కూడా కోపంగా ఉంది. అయినా రాస్తున్నాను, నమస్కారాలు.

నిన్న బస్టాండులో దేవక్క కనిపించింది. నూలు కొనడానికి ఎల్లప్పతో వచ్చింది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. ఏమన్నదో ఆమె మాటల్లోనే రాస్తున్నాను, నీవు కాదనడానికి లేకుండా.

"సుశీలమ్మా, అమ్మకి సేతులు బాగలేవు. ఏళ్ళకి గుడ్డ పేలికలు సుట్టుకోని నీళ్ళు సేదుతాంది. ఏమైందమ్మా అంటే, సామంతులు కోస్తాంటే ముల్లు గుచ్చుకున్యాది అంటాది. సామంతికి ముండ్లు యాడుంటాయమ్మా? తిన్యాది గూడ కడుపులో నిలవడంలేదు. గోడ ఇవతలికి ఇనపడతాది నాకి."

కలం పాళీ పాడైందని రాశావు. నేను వచ్చినప్పుడు రెండు పూటలా చేతులు చెంగు కింద దాచుకుని, మడి అని దూరం నుంచి వడ్డించావు. నేను పిచ్చిదానిలా తిన్నాను. దేవక్క చేతులకు కూడా అలాంటి పుళ్ళు ఉన్నాయి, నేను చూశాను. ఆమెకు తొట్టిలో చేతులు పెట్టి వచ్చాయి, నీకు బావి నీళ్ళకు వచ్చాయి. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు, ముందు నీతో మాట్లాడాలని ఆగాను.

నీవు మొక్కలా ఉంటానన్నావు. అత్తా, నీకు దాచుకోవడానికి వేరు లేదు. తాగినదంతా నీ ఒంటికే పడుతుంది.

కుండీల సంగతి రాయనా? రెండూ ఒకే తల్లి పిలకలే. ఈ ఊరి నీళ్ళు తాగింది పక్కలకు కొమ్మలు వేసి కుండీ నిండింది. మన బావి నీళ్ళు తాగింది పెట్టినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, చిగురు వస్తూనే పాలిపోతోంది. రోజూ పొద్దున దాన్ని చూసి కాలేజీకి పోవాలి. నాకు అది మొక్కలా కనిపించడం లేదు.

ఆదివారం వస్తాను. ఆదోని ఆసుపత్రిలో చూపిస్తాను. నా దగ్గరే ఉండిపో.

సుశీల


ఎమ్మిగనూరు,
మార్చి 12, 1979.

చి. సుశీలకు.

నిన్న నీవు వచ్చావు. మడిలో ఉన్నానని లోపలి నుంచి చెప్పి తలుపు తీయలేదు. నీవు ఆఖరి బస్సు దాకా అరుగు మీద కూర్చున్నావు. నేను తలుపు ఇవతల కూర్చున్నాను. నీవు ముక్కు చీదడం వినబడింది. కడుపున పుట్టకపోయినా నిన్ను నేనే పెంచాను, తలుపు తీయకుండా కూర్చోవడం నాకు సులువనుకోవద్దు. తలుపు తీస్తే నీ వెంట వచ్చేస్తానని భయపడ్డాను.

నీకు నిజం చెబుతాను. మడి ఉంది, లేదనను. కానీ అసలు సంగతి మడి కాదు.

ఆ బావి గట్టు మీద నిలబడటానికి నాకు ఒక పని కావాలి. నీళ్ళు చేదడం ఆ పని. నేను చేదినంత సేపు దేవక్క మాట్లాడుతుంది. ఆమె పిల్లకు జ్వరం వచ్చినా, మొగుడు విసుక్కున్నా, కలలో పాము వచ్చినా ముందు నాకే చెబుతుంది. పూలకు వచ్చేవాళ్ళు పూల కోసం వస్తారు. ఆమెకు నా నుంచి ఏమీ అక్కరలేదు, అయినా మాట్లాడుతుంది. నీవు చదువుకు వెళ్ళినప్పటి నుంచీ ఈ ఇంట్లో దేవుడికి తప్ప నా గొంతు ఎవరికీ వినిపించలేదు. దేవుడు "ఊ" అనడు కదా.

బావి చెడిందని నేను నోరు తెరిస్తే ఏమవుతుంది? వీధి పెద్దలు కూడతారు. ఎల్లప్ప షెడ్డు తీసేయాలంటారు. వాళ్ళు పోతారు. గోడ ఉంటుంది. ఆ గోడకు ఇవతల నేనొక్కదాన్నే ఉండి మంచినీళ్ళు తాగి ఎన్నేళ్ళు బతకమంటావు?

దేవక్కకు చెప్పలేదన్నావు. మంచి పని చేశావు. చెప్పవద్దు. నా మీద ఒట్టు.

అత్త


ఆదోని,
మార్చి 20, 1979.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగు రోజులు సంచిలోనే పెట్టుకు తిరిగాను. కోపం పోయింది. ఏడుపు కూడా పోయింది. మిగిలింది రాస్తున్నాను.

నా దగ్గరికి రమ్మన్నది నీ జబ్బు కోసమే అని రాశాను. అది సగమే. ఇక్కడ నన్ను "లేచావా" అని అడిగేవాళ్ళు లేరు. క్లాసులో రోజంతా మాట్లాడతాను, పిల్లలు రాసుకుంటారు, గంట కొడితే పోతారు. గదికి వచ్చి తాళం తీశాక మళ్ళీ పొద్దున దాకా మాట్లాడే పని ఉండదు. మిల్లు చప్పుడు విసుగని రాశాను కానీ, సీజను అయిపోతుందంటే గుబులుగా ఉంది. నీకు గోడ ఎందుకు కావాలో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నీ ఒట్టు దాటను. చేతులకు మందు, కొబ్బరినూనె నాగన్న చేత పంపుతున్నాను. ఆ నీళ్ళు కనీసం చేతుల మీద పడకుండా చూడు. బావి దగ్గర నిలబడు, ఎంతసేపైనా మాట్లాడు, చేదిన నీళ్ళు తిరిగి బావిలోనే పోసెయ్యి. తాగవద్దు. ఇంతకన్నా అడగను.

సుశీల


ఎమ్మిగనూరు,
మే 14, 1979.

చి. సుశీలకు ఆశీస్సులు.

నా ఒట్టు నేనే తీసేశాను. ఎలాగో చెబుతాను.

కొళాయిలకు నీళ్ళొచ్చే కాలువ కట్టేశారని నీకు తెలుసు. ఈసారి కొళాయిలు ముందే ఎండిపోయాయి. వీధంతా బిందెలు పట్టుకుని తిరుగుతోంది. మొన్న పొద్దున నేను గట్టు మీద ఉండగా దేవక్క గోడ మీదికి తల పెట్టింది. రెండు కడవలు గోడ మీద పెట్టింది.

"అమ్మా, కొళాయి ఎండిపాయ. పిల్లోల్లకి తాగనీకి నీళ్ళు లేవు. నీ బావిలో రెండు కడవలు సేదిపోయ్యమ్మా. నేను ఆపక్కకి రానులే, బావి ముట్టను. నువ్వే గోడమీంచి అందియ్యి."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే. పుట్టీ, నేను చేద బావిలోకి వదిలాను కూడా. సగం దాకా లాగాను. కడవలో పడబోయే ఆ నీళ్ళను చూసి ఆమె చిన్న కూతురు గుర్తుకొచ్చింది. చేంతాడు వదిలేశాను.

"ఈ నీళ్ళు వద్దు దేవక్కా, మంచివి కావు" అన్నాను.

"మంచియి కాకుంటే నువ్వెట్ల తాగుతాండావు?"

అంతసేపు నవ్వుతూ ఉన్న ఆమె ముఖం మారిపోయింది. కడవలు తీసుకుంది. "మడి సెడుతాదని సెప్పు అమ్మా, నేనేమనుకోను. నీళ్ళు మంచియి కావని అబద్ధమెందుకు?" అని దిగిపోయింది. నేను పిలిచాను. నూలు పిండే చప్పుడు మాత్రం వినబడింది.

నేను ఆ గోడ పట్టుకుని ఏడ్చాను. ఏ మాట పోగొట్టుకోకూడదని ఆ విషం తాగానో ఆ మాటే పోయింది, అది కూడా మడి పేరు మీద. ఎన్నో సంవత్సరాలు నా మడిని చూపించి నలుగురినీ ఎడంగా ఉంచాను. ఆ రోజు నిజం చెబితే నా మడే అడ్డం వచ్చింది. నేను ఆ నీళ్ళు తాగుతున్నంత కాలం అవి చెడ్డవని ఎవరు నమ్ముతారు చెప్పు.

తడి బట్టతో అలాగే వీధి తలుపు తీసుకుని బయటికి నడిచాను. అప్పటికే ఎండ ముదిరింది. గోనెగండ్ల రోడ్డులో ఉచ్చీరప్ప తోట బావి దగ్గర ఆడవాళ్ళంతా వరుసలో ఉన్నారు. నన్ను చూసి సుంకమ్మ, "అమ్మ వచ్చినాది, దూరం జరగండి, మడి తగులుతాది" అంది. వరుస రెండుగా చీలి దారి ఇచ్చింది. మర్యాదే చేశారు. ఆ దారి మధ్యలో నేనొక్కదాన్నే నిలబడ్డాను. అంత ఒంటరిగా మీ మామయ్య పోయిన రోజు కూడా లేను.

దేవక్క వరుస దాటి బావి దగ్గర ఉంది, తల తిప్పుకుంది. అప్పుడే నింపుకున్న కడవ పక్కన ఉంది. నేను పోయి ఆమె పక్కన నిలబడి, "ఆ నీళ్ళు నాకు పొయ్యి, దప్పికగా ఉంది" అన్నాను. ఆమె కదల్లేదు. నేను దోసిలి పట్టాను. పేలికలు విప్పేసి పట్టాను, పుళ్ళు కనబడేలా. నా చేతులు చూసింది, తన చేతులు చూసుకుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

కడవ వంచి పోసింది. అందరూ చూస్తుండగా తాగాను. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. కడుపు నిండా తాగాను.

"మా తొట్టి నీళ్ళేనామ్మా?" అని అడిగింది మెల్లగా. అవునన్నాను. "ముందే ఎందుకు సెప్పలేదు?" అంది. నీకు రాసిందంతా చెప్పాను. మధ్యలోనే నా చేయి పట్టుకుంది. మడి పోయిందని ఇద్దరికీ గుర్తు రాలేదు.

అత్త


ఆదోని,
మే 19, 1979.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి లాబులో అందరి ముందే ఏడ్చాను. భీమసేనరావు గారు ఎవరైనా పోయారా అని అడిగారు. లేదండీ, మా అత్త నీళ్ళు తాగింది అన్నాను. ఆయన సెలవు ఇచ్చారు.

గదికి వచ్చి మొదటి పని రెండో కుండీకి చేశాను. మన బావి నీళ్ళు పారబోసి, మట్టి మార్చి, మంచి నీళ్ళు పోశాను. పాలిపోయిన పాత ఆకులు మళ్ళీ పచ్చబడవు, అది ముందే చెబుతున్నాను. వేరుకు కూడా పట్టింది వదలదు. కానీ పక్కన కొత్త పిలక వేస్తే అది పచ్చగా వస్తుందని ఆశ.

దేవక్క వాళ్ళు ఏమనుకుంటున్నారు?

సుశీల


ఎమ్మిగనూరు,
జూన్ 25, 1979.

చి. సుశీలకు ఆశీస్సులు.

ఎవరూ కూడలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఎల్లప్ప నా ముందు నిలబడి తల వంచుకుని, "మాకు తెలీదమ్మా" అన్నాడు. ఆ మాట నిజమే. నందవరం రోడ్డులో ఊరికి దూరంగా, బావులు లేని చోట బయలు చూసుకున్నారు. గుంతకు సిమెంటు వేస్తారట. తొట్లు పోయాయి, నూలు పోయింది. అక్కడే గుడిసె వేసుకుంటే పనికి దగ్గరని కాపురం కూడా పోయింది. నేను భయపడిందే జరిగింది. తెలిసే చెప్పాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

పోయే రోజు దేవక్క వీధి తలుపు నుంచే వచ్చింది. మొదటిసారి. నడిమింట్లో కూర్చుంది, ఇల్లంతా చూసి, "ఇంత పెద్దింట్లో ఒక్కదానివే ఎట్ల ఉంటివమ్మా?" అంది. ఇద్దరి చేతులకూ నీవు పంపిన మందే రాసుకున్నాం. చామంతులు వేళ్ళతో పీకి లోతుగా పూడ్చేశాం. చివరి మొక్క పీకేటప్పుడు ఆమె ఆగి, "పాపం, ఇంత సెడ్డ నీళ్ళు తాగీ పువ్విచ్చె" అంది.

ఇప్పుడు పొద్దున లేస్తూనే బావి గట్టు మీదికి పోతున్నాను. చేద లేదు, చేంతాడు తీసేశాను. ఊరికే నిలబడతాను. అవతల ఏ చప్పుడూ లేదు. నిన్న నాకు తెలియకుండానే "లేచాను" అన్నాను, ఎవరూ అడగకపోయినా. అప్పుడు నీ ఉత్తరం గుర్తుకొచ్చింది, నిన్ను ఆ మాట అడిగేవాళ్ళు లేరని రాశావే, అది.

నాగన్న శనివారం పత్తి గింజల బండితో ఆదోని వస్తున్నాడు. నేనూ వస్తున్నాను. ఎన్నాళ్ళని అడగవద్దు, నాకూ తెలియదు. కొత్త పిలక వేసిందేమో చూడాలి. నా కోసం వేరే నీళ్ళు వెతకవద్దు, నీ గది కొళాయిలో వచ్చేవే తాగుతాను. వాషరు తోలుదైనా సరే.

మీ అత్త